ఆగండి టీచర్

మా వదినకు ఆ పేరు పెట్టింది నేను కాదు. నేను పెడితే ఇంతకంటే ఘాటుగా పెట్టేదాన్ని. ఆడపడుచుగా పుట్టినందుకు ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా? బడికి పిల్లల్ని దింపడానికొచ్చే తల్లులు పెట్టారు. పిల్ల చెప్పు బకిల్‌తో అవస్థ పడుతుంటే ఏ తల్లికైనా నడుం దానంతటదే వంగుతుంది. అలా వంగిన ప్రతిసారీ గది లోపల్నుంచి ఒక మెత్తని గొంతు వచ్చేది, "ఆగండి" అని. కసురుకున్నట్టు ఉండదు, బతిమాలినట్టూ ఉండదు. అయినా వంగిన చెయ్యి అక్కడే ఆగిపోయేది. తల్లి తిరిగి నిటారుగా నిలబడి, గడియారం చూసుకుని, లోలోపల తిట్టుకుంటూ కాసుకునేది. పిల్ల పెట్టుకున్నప్పుడు పెట్టుకునేది.

ఆవిడ ఇంట్లో కూడా అంతే. నేను ముందు గదిలో కిటికీ పక్కన మిషను వేసుకుని ప్యాంట్లు పొట్టి చేస్తాను, ఊడిన జిప్పులు మారుస్తాను. నాకు ఓపిక తక్కువ. సూదిలోకి దారం రెండోసారి ఎక్కకపోతే సూదిని వాళ్ల అమ్మతో సహా తిడతాను. మా వదిన అవతల కూర్చుని నవ్వుతుందే కానీ, చూపు బాగున్న మనిషి, ఆ దారం తను ఎక్కించి ఇవ్వదు. "నీకొచ్చు కదా" అంటుంది. ఇలాంటి మనిషితో కాపురం చేసినందుకు మా అన్నయ్యకు సన్మానం చెయ్యాలని నేను చాలాసార్లు అన్నాను.

ఆవిడ పుట్టుకతో అలాంటిది కాదు. కోడలిగా మా ఇంటికి వచ్చిన కొత్తలో మా అమ్మ ఆమెను పాలు చూడమని చెప్పి పెరట్లోకి వెళ్లింది. కాసేపటికి వంటింట్లోంచి "అత్తయ్యా, పాలు పొంగుతున్నాయి" అని వినపడింది. ఆ తర్వాత ఇంకోసారి, ఇంకొంచెం గట్టిగా. అమ్మ పరిగెత్తుకొచ్చి చూస్తే పాలు పొయ్యి మీదంతా పారుతున్నాయి. ఈవిడ గిన్నె పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పాలు చూడమన్నారు, చూస్తోంది. స్టవ్ కట్టెయ్యాలని తెలుసు, కానీ కట్టే మనిషి ఇంకెవరో వస్తారని అనుకుంది. పుట్టింట్లో ఎప్పుడూ వచ్చేవాళ్లు మరి. ఒక్కగానొక్క పిల్ల, చుట్టూ తాత, నాయనమ్మ, పెళ్లికాని ఇద్దరు మేనత్తలు. దువ్వెన ఆమె చేతికి ఇచ్చినవాళ్లు లేరు. అగ్గిపుల్ల గీయనివ్వలేదు. "మీవాళ్లు నిన్ను పెంచారా, దాచారా?" అని మా అమ్మ అడిగిన మాట మా బంధువుల్లో ఇప్పటికీ వాడుకలో ఉంది.

అరచేతుల్లో పెట్టుకుని పెంచామని గొప్పగా చెప్పుకుంటారు జనం. అరచేతుల్లో పెరిగితే కాళ్లు ఎందుకు పనికొస్తాయి? పెళ్లయ్యాక, అత్తగారి దెప్పుళ్ల మధ్య, పసిపిల్లలు నేర్చుకునేవన్నీ మా వదిన ఒకటొకటిగా నేర్చుకుంది. ఆ అవమానం ఆమె ఎప్పుడూ పైకి చెప్పలేదు. పిల్లలు పుట్టలేదు. ఆ తర్వాత ఎక్కడో శిక్షణ తీసుకుని, ఏ బడిలోనో ఆయాకు తోడుగా చేరి, చివరికి మా వీధి చివరి బడిలో అందరికంటే చిన్నపిల్లల గదికి టీచరైంది.

ఆ బడి యజమాని అంతకుముందు ఫర్నిచర్ షాపు నడిపేవాడు. సోఫాలు అమ్ముడుపోక బడి పెట్టాడని నేను అంటాను. పై అంతస్తుల్లో పిల్లలు బల్లల మీద వంగి రాసిందే రాస్తుంటారు. కింద గదికి చెమ్మ ఎక్కువ, ఎవరూ కావాలనలేదు కాబట్టి మా వదినకు దక్కింది. షాపులో మిగిలిపోయిన చెప్పుల స్టాండ్లను ఆమె అడిగి తెచ్చుకుంది. వాటిని కడిగి, రంగు వేసి, పిల్లల చేతికందే అలమరలు చేసింది. చిన్న కూజాలు, చిన్న చీపుళ్లు, తుడుచుకునే గుడ్డలు వాటిలో పెట్టింది. గ్లాసులు మాత్రం గాజువే. ప్లాస్టిక్‌వి పెట్టమని తల్లులు మొత్తుకుంటే, పగిలే వస్తువును పట్టుకుంటేనే చేతికి జాగ్రత్త వస్తుందని చెప్పేది. గుండీలు పెట్టడం నేర్చుకునే చట్రాలు నేనే కుట్టిచ్చాను. చెక్క ఫ్రేముకు అటో గుడ్డ, ఇటో గుడ్డ, ఒకదానికి కాజాలు, ఒకదానికి గుండీలు. అన్ని రంగుల గుండీలూ నా డబ్బాలో మిగిలినవే.

ఆ గదిలో పొద్దున్నే ఎవరూ ఎవరికీ ఏ పనీ చెప్పరు. పిల్ల వస్తుంది, అలమర ముందు నిలబడుతుంది, ఏది కావాలనిపిస్తే అది తీసుకుని చాపేసుకుంటుంది. అయిపోయాక ఎక్కడిది అక్కడ పెడుతుంది. ఒకడు శుభ్రంగా ఉన్న బల్లనే మళ్లీ మళ్లీ కడిగేవాడు. చీమలవాడని ఇంకొకడు ఉండేవాడు. వాడికి గడప దగ్గర బోర్లా పడుకుని చీమల్ని చూడటం తప్ప ప్రపంచంతో పని లేదు. నేను గుండీలు ఇవ్వడానికి వెళ్లినప్పుడల్లా ఇదేం బడి అనుకునేదాన్ని. అనుకోవడమేమిటి, మొహం మీదే అన్నాను. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారని మా అమ్మ సామెత కూడా జోడించాను. మా వదిన నిమ్మకు నీరెత్తినట్టు నవ్వింది.

అప్పుడొచ్చింది మహారాణి. ఆ పేరు మాత్రం నేనే పెట్టాను. మూడు దాటి నాలుగులో పడిన పిల్ల, తల్లి చంక దిగకుండా వచ్చింది. కింద దించగానే కుర్చీలో కూర్చుని, ఎటో చూస్తూ కాలు ముందుకు చాపింది. చెప్పు ఎవరో ఒకరు విప్పుతారన్నది ఆ కాలికున్న ధీమా. తల్లి వంగింది.

"ఆగండి" అంది మా వదిన.

ఆ కాలు అలాగే గాల్లో ఉండిపోయింది. ఎవరూ ముట్టుకోకపోయేసరికి పిల్ల మొదటిసారి తన కాలు వైపు చూసుకుంది. అదేదో అప్పుడే మొలిచినట్టు. తర్వాత రాగాలు తీసింది. గుండీలు ఇవ్వడానికి వెళ్లిన నన్ను చూసి తల్లి, ఈవిడకు పిల్లలున్నారా అని మెల్లిగా అడిగింది. లేరన్నాను. "అదీ సంగతి" అన్నట్టు తలూపింది. ఆ తలూపుడు నాకింకా గుర్తుంది, కడుపు మండిపోయింది.

చాలా వారాలు పట్టింది. మహారాణి ఏడ్చింది, చెప్పులు విసిరింది, చెప్పులతోనే తిరిగింది. మా వదిన కోప్పడలేదు, బుజ్జగించలేదు, పక్కన కింద కూర్చుంది అంతే. ఒకరోజు నేను కొత్త చట్రంతో వెళ్లేసరికి ఆ పిల్ల నేల మీద చతికిలబడి, నాలుక బయటపెట్టి, బకిల్‌ను కన్నంలోకి తోస్తోంది. జారిపోయింది. మళ్లీ తోసింది. నా చేతులు దురద పెట్టాయి, నిజం చెప్పాలంటే. చివరికి పడింది. ఆ పిల్ల చప్పట్ల కోసం చుట్టూ చూడలేదు. ఎవరివైపూ చూడలేదు. లేచి, కాలు నేలకేసి ఒకసారి కొట్టి చూసుకుని, కూజా దగ్గరికి వెళ్లి నీళ్లు వంచుకుని తాగింది. మా వదిన మొహం అటు తిప్పుకుంది. పిల్లలు ఎవరి మెప్పూ అడగని ఆ క్షణం కోసమే తను బతుకుతున్నానని నాతో ఆ సాయంత్రం చెప్పింది. నేను ఎగతాళి చెయ్యలేదు.

అన్నీ అలాగే నడిస్తే నేనీ కథ చెప్పేదాన్ని కాదు.

బడి యజమాని ఒకరోజు కొత్తగా చేర్చాలనుకుంటున్న తల్లిదండ్రుల్ని వెంటేసుకుని కింద గదికి వచ్చాడు. బల్ల కడిగేవాడు కడుగుతున్నాడు. మహారాణి కూజాలోంచి గ్లాసులోకి, గ్లాసులోంచి కూజాలోకి నీళ్లు పోస్తోంది. వచ్చినవాళ్లలో ఒకాయన చీమలవాణ్ణి చూపించి, ఈ అబ్బాయి ఏం నేర్చుకుంటున్నాడని అడిగాడు. మా వదిన "ఆ అబ్బాయినే అడగండి" అంది. ఆయన వంగి అడిగాడు. చీమ ఇంటికి వెళ్తోంది, మాట్లాడకండి అని వాడు వేలు నోటి మీద పెట్టాడు. నేనుంటే పడీపడీ నవ్వేదాన్ని. వాళ్లు నవ్వలేదు. అందరూ తమ పిల్లల్ని వేరే బడిలో చేర్చారు.

యజమాని కోపిష్టి కాడు. కోపిష్టి అయితే మా వదిన ఎదురు నిలబడేదేమో. మంచిమాటలతోనే చెప్పాడు. కింద గది సగం ఖాళీగా ఉంది, వచ్చే ఏడు అక్కడ కూడా పలకలూ కాపీ పుస్తకాలూ పెట్టక తప్పదు. లేదంటే ఒక పని చేద్దాం, తల్లిదండ్రులందర్నీ పిలిచి గది నడిచే తీరు చూపిద్దాం, నచ్చితే గది ఆవిడదే, ఎవరూ జోక్యం చేసుకోరు. కాకపోతే ఆ రోజు చీమలు వద్దు. "స్వేచ్ఛ ఉండాలమ్మా, నేను కాదనను. కానీ అది చూసేవాళ్లకు కనపడాలి కదా" అన్నాడు. ఏ పిల్ల ఏది తీసుకుంటే చూడముచ్చటగా ఉంటుందో ఆయనే ఆలోచించి పెట్టాడు. షాపు అద్దాల్లో సోఫాలు సర్దిన బుద్ధి ఎక్కడికి పోతుంది?

మా వదిన ఆ సాయంత్రం నా మిషను పక్కన వచ్చి కూర్చుంది. "ఒక్కరోజు వాళ్లకిస్తే మిగతా రోజులన్నీ పిల్లలవి" అంది. అలా ఒక్కరోజుకు పులినెక్కినవాళ్లు దిగిన దాఖలా లేదన్నాను. గది పోతే ఆ పిల్లలంతా పైకెళ్లి బల్లల మీద వంగుతారని, అందులో మహారాణి కూడా ఉంటుందని అంది.

ఇక ఆమె చేసిన పొరపాటు వినండి. అది ఆమె తప్ప ఇంకెవరూ చెయ్యలేరు.

వేరే టీచరైతే పిల్లల్ని వరసగా నిలబెట్టి, నువ్వు ఇది చెయ్యి, నువ్వు అది చెయ్యి, కదిలితే వీపు పగులుతుందని చెప్పేది. పిల్లలు భయపడి చేసేవాళ్లు, ఆ రోజు గడిచాక మరిచిపోయి మళ్లీ చీమల దగ్గరికి పోయేవాళ్లు. మా వదినకు పిల్లల్ని ఆజ్ఞాపించడం చేతకాదు. నోరు రాదు. అందుకని పిల్ల ఎత్తుకు మోకాళ్ల మీద కూర్చుని, కళ్లల్లోకి చూస్తూ, మెత్తగా, "ఇది నీకిష్టం" అని చెప్పేది. మహారాణి కూజా వైపు వెళ్తే భుజం మీద చెయ్యేసి గుండీల చట్రం దగ్గరికి తీసుకొచ్చి, "ఇప్పుడు నీకిష్టమైంది ఇది కదా" అనేది. చీమలవాడు గడప దగ్గరికి పాకితే, దేశాల పటం ముక్కలు వాడి ముందు పెట్టి "నీకు పటమంటే ఇష్టం" అనేది. వాడు మొదట్లో కాదన్నాడు. వాడి మాట అయ్యేదాకా ఆగి, మళ్లీ అదే చెప్పింది. అరవలేదు, తొందరపెట్టలేదు. ఆమెకున్న ఓపికంతా అందులో పోసింది. ఎంత ఓపికతో బకిల్ నేర్పిందో అంత ఓపికతోనూ ఇది నేర్పింది.

మా వదిన ఏం నేర్పినా పిల్లలకు బాగా పట్టుబడుతుంది. అదే మా ఖర్మ.

ఆ రోజు గది కిటకిటలాడింది. కర్టెన్లు నేనే కుట్టాను కాబట్టి నేనూ వెళ్లి గోడ పక్కన నిలబడ్డాను. పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. అలమర ముందు నిలబడి, ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టి, తమ తమ వస్తువులు తీసుకుని చాపలు పరుచుకున్నారు. ఆలోచిస్తున్నట్టు నిలబడటం కూడా యజమాని సలహాయే. చీమలవాడు పటం ముక్కలన్నీ పేర్చాడు. గడప మీద నిజంగానే ఒక చీమల బారు పోతోంది, నేను చూశాను. వాడు చూడలేదు. మహారాణి చట్రం మీది గుండీలు పైనుంచి కిందికి ఒకటొకటే పెట్టింది. వేళ్లు ఎక్కడా తడబడలేదు. వాళ్ల అమ్మ కళ్లు తుడుచుకుంది. జనం ముచ్చటపడి గుసగుసలు పోతున్నారు.

చివరి గుండీ పెట్టాక ఆ పిల్ల లేచి నిలబడింది. చట్రం తీసుకెళ్లి ఎక్కడిది అక్కడ పెట్టింది. అక్కడికి నేర్పిన పాఠం అయిపోయింది. తర్వాత ఏమిటన్నది ఎవరూ చెప్పలేదు. అలమర వైపు చూసింది. కూజా అక్కడే ఉంది. దాన్ని చూసి, వెనక్కి తిరిగి, నిండు గదిలో మా వదినను అడిగింది.

"టీచర్, ఇప్పుడు నాకేది ఇష్టం?"

ముందు ఒకాయన నవ్వాడు. తర్వాత గది గదంతా నవ్వింది, ఆపైన చప్పట్లు. ఎంత ముద్దుగా అడిగిందో అన్నారు. ఇంత చిన్నపిల్ల ఎంత చెప్పినట్టు వింటోందో అని ఒకావిడ పక్కావిడతో అంది. యజమాని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. పిల్ల ఆ చప్పట్లకు సంబరపడి చుట్టూ చూసి నవ్వింది. ఇంకోసారి అడిగింది, ఈసారి చప్పట్ల కోసం.

మా వదిన పొయ్యి పక్కన ఎలా నిలబడిందో అలాగే నిలబడింది. పొంగుతున్నది పాలు కాదు, అంతే తేడా.

ఆ తర్వాత కొత్త పిల్లలతో గది నిండింది. ఖాళీ లేదని చెప్పి కొందర్ని వెనక్కి కూడా పంపారు. యజమాని మాట తప్పలేదు, గది మా వదినకే వదిలేశాడు. ఇక ఎవరి జోక్యమూ లేదు. మర్నాడు ఆమె పిల్లలతో, మీకేది కావాలంటే అది తీసుకోండి అని చెప్పింది. ఎవరూ కదల్లేదు. అలమరల ముందు నిలబడి ఆమె మొహం వైపు చూశారు. ఆగింది. ఆగడమంటే ఆమెకు కొత్తా? వాళ్లూ ఆగారు. ఆమె ఆగినంతసేపూ ఆగారు. బల్ల కడిగేవాడు గుడ్డ చేతిలో పట్టుకుని, "ఇది నాకిష్టమా?" అని అడిగాడు. రోజులు గడిచాయి, వారాలు గడిచాయి. కొందరు మెల్లగా కదిలారు, కానీ తీసే ముందు ఒకసారి ఆమెవైపు చూడటం పోలేదు. కొత్తగా చేరినవాళ్లు పాతవాళ్లను చూసి అదే నేర్చుకున్నారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ మందు ఇంత మెత్తగా ఉంటుందని నాకప్పటిదాకా తెలీదు.

యజమానికి మాత్రం ఈ పద్ధతి తెగ నచ్చింది. కలవరం లేదు, నీళ్లు ఒలకడం లేదు, గ్లాసులు పగలడం లేదు. ఏ వారం ఏ పిల్లకు ఏది ఇష్టమో గోడ మీద రాసి పెడితే తల్లిదండ్రులకు కూడా వీలుగా ఉంటుందని సూచించాడు. అప్పుడు మా వదిన మానేస్తానంది. ఆయన బాధపడ్డాడు, కానీ ఆగమనలేదు. అవసరం లేదు మరి. ఆ గదిలో సాయానికి పెట్టిన అమ్మాయికి పనంతా వచ్చేసింది.

మా వదిన ఇంట్లో కూర్చుంది. నా దగ్గర కాజాలు కుట్టడం మొదలుపెట్టింది. నేను దెప్పడం మానేశాను, అది ఆమెకు ఇంకా కష్టంగా ఉన్నట్టుంది. ఒకసారి తనే తల ఎత్తకుండా అంది.

"పాల దగ్గర నేను నిలబడ్డట్టే నిలబడ్డారు వాళ్లు. నన్ను మావాళ్లు అలా చేశారు, పోనీ, వాళ్లకు తెలీదు. నాకు తెలుసు కదా."

ఊరడించడానికి నాకు మాటలు రావు. కావాలంటే తిట్టగలను. ఆ యజమానిని, ఆ చప్పట్లు కొట్టినవాళ్లను, గదినిండా ఉన్న ఆ తల్లిదండ్రుల్ని కడుపారా తిట్టాను. ఆమె విని, దారం కొరికి, ఇంకో కాజా మొదలుపెట్టింది.

మొన్న దారాల కోసం ఇద్దరం బజారుకు వెళ్లాం. షాపు బయట మెట్ల మీద మహారాణి, వాళ్ల అమ్మ కనిపించారు. పిల్ల పొడుగైంది. పై తరగతికి వెళ్లిందట. చాలా బుద్ధిమంతురాలని టీచర్లందరూ మెచ్చుకుంటున్నారట. ఎవరైనా చెప్పందే ఏ పనీ చెయ్యదట. తల్లి మా వదిన రెండు చేతులూ పట్టుకుని, అంతా మీ చలవేనండీ అంది. మనస్ఫూర్తిగానే అంది. ఒకప్పుడు ఆవిడ తలూపిన తీరుకు మండిన నా కడుపు ఈ మెప్పుకు అంతకంటే ఎక్కువ మండింది.

మెట్టు దిగుతుంటే పిల్ల చెప్పు బకిల్ ఊడింది. పిల్ల ఆగి, దుకాణం గాజుపెట్టెలో బొమ్మల వైపు చూస్తూ, కాలు ముందుకు చాపింది. తల్లి సంచి చంకలో ఇరికించుకుని వంగింది.

నేను మా వదిన వైపు చూశాను. ఆ మాట వస్తుందనుకున్నాను. పెదవులు కదిలాయి. రాలేదు. ఆ పిల్లతో ఏమైనా చెప్పే అధికారం తనకు లేదనుకుందో ఏమో.

అందుకని నేనే అన్నాను. ఎందుకన్నానో తెలీదు. జన్మలో ఎప్పుడూ ఓపిక పట్టనిదాన్ని.

"ఆగండి."

తల్లి చెయ్యి ఆగింది. తలెత్తి, ఏమైందండీ అన్నట్టు నన్ను చూసింది. కాలు గాల్లో ఉంది. పిల్ల బొమ్మల మీంచి చూపు తిప్పి కాలును చూసుకుంది. తర్వాత తల్లిని చూసింది, నన్ను చూసింది. ఆ తర్వాత మా వదిన మొహం దగ్గర చూపు నిలిపి, చాలా బుద్ధిగా, ఆవిడ ఏం చెప్తుందా అని ఎదురుచూసింది. ఒక్క మాటంటే చాలు, పెట్టుకునేది. పెట్టుకోవద్దంటే అదీ చేసేది.

మా వదిన ఆ చూపుకు నిలవలేక మొహం పక్కకు తిప్పుకుంది. నా చెయ్యి పట్టుకుని, పద, షాపు మూసేస్తారు అంది.

మేం నాలుగడుగులు వేశాక నేను వెనక్కి చూశాను. తల్లి బకిల్ పెట్టేసింది. పిల్ల రెండో కాలు కూడా చాపింది.